పట్టు వదలని మర



ఈ రోజు మీతో ఒక పనిముట్టు గురించి మాట్లాడతాను. చూస్తే పెద్ద విశేషమేమీ కనిపించదు. మందపాటి ఇనుప గొట్టం ఒకటి. అందులో మర కోసిన కడ్డీ. కడ్డీకి పెద్ద నట్టు. రెండు చివర్లా రెండు కొక్కేలు. నట్టు తిప్పితే కడ్డీ గొట్టంలోంచి బయటికి వస్తుంది. కొక్కేల మధ్య దూరం పెరుగుతుంది. అంతే సంగతి. పాతకాలపు కార్ల కమాన్ కట్టను చాపడానికి దీన్ని వాడతారు. స్ప్రింగ్ స్ప్రెడర్ అని పేరు.

ఇంత చిన్న వస్తువుకు ఇంత ప్రసంగం ఎందుకా అనిపించవచ్చు. కారణం ఉంది. పాత కారు కొన్నవాళ్లు ఇంజను పనంటే భయపడతారు. గేర్‌బాక్సు అంటే భయపడతారు. కమాను దగ్గరికి వచ్చేసరికి ఆ భయం ఉండదు. నాలుగు ఇనుప పట్టీలే కదా, విప్పేద్దాం అని పానా పట్టుకుంటారు. నా దృష్టిలో ఆ కారు మొత్తంలో అన్నిటికన్నా జాగ్రత్తగా చెయ్యి పెట్టాల్సింది అక్కడే. ఎందుకో చెబుతాను.

ముందు కమాను అంటే ఏమిటో ఒకసారి చూద్దాం. రోడ్డు పక్కన లారీ ఆగి ఉంటే వెనక చక్రం దగ్గర కొంచెం వంగి చూడండి. ఒకదాని మీద ఒకటి పేర్చిన ఉక్కు పట్టీలు కనిపిస్తాయి. అన్నిటికన్నా పైన పొడుగు పట్టీ. దాని కింద కొంచెం పొట్టిది. దాని కింద ఇంకా పొట్టిది. అన్నీ కాస్త వంగి ఉంటాయి. అన్నిటికీ నడుమ ఒక బోల్టు దూర్చి బిగిస్తారు. దాన్ని సెంటర్ బోల్టు అంటారు. ఈ కట్టే కమాన్ కట్ట. జట్కాబండికి కమాన్లుండేవి. అంబాసిడర్ కారుకు వెనక కమాన్లే.

పొడుగు పట్టీని మన మెకానిక్కులు మెయిన్ ప్లేటు అంటారు. దాని రెండు చివరలూ గుండ్రంగా చుట్టి ఉంటాయి. ఆ చుట్టను కన్ను అందాం. ఆ కంట్లోంచి ఒక పిన్ను వెళుతుంది. ఆ పిన్నును పట్టుకుని ముందుకీ వెనక్కీ ఊగే చిన్న ఇనుప లంకె ఉంటుంది. దాని పేరు షాకిల్. కన్ను, షాకిల్. ఈ రెండు మాటలూ గుర్తు పెట్టుకోండి. మళ్లీ మళ్లీ వస్తాయి.

ఇన్ని పట్టీలెందుకు? ఒకే మందపాటి పట్టీ పెట్టేస్తే సరిపోదా? మీ పక్కన పిల్లల నోటుపుస్తకం ఉంటే చేతిలోకి తీసుకోండి. కుట్టు లేని అంచు మీకు కనబడేలా పట్టుకుని వంచండి. కాగితాలు ఒకదాని మీద ఒకటి జారతాయి. అంచు ఏటవాలుగా మారుతుంది. అలా జారబట్టే పుస్తకం సులువుగా వంగింది. ఇప్పుడు ఆ కాగితాలన్నిటికీ జిగురు రాసి ఆరబెట్టామనుకోండి. అది చెక్కముక్కలా బిగుసుకుపోతుంది. వంచితే వంగదు. మరీ బలవంతపెడితే విరుగుతుంది. కమాన్ కట్ట సంగతీ ఇదే. పట్టీలు ఒకదాని మీద ఒకటి జారాలి. జారితేనే బండి మెత్తగా నడుస్తుంది. పట్టీల నడుమ తుప్పు చేరిందంటే, పుస్తకానికి జిగురు రాసినట్టే.

ఇక ఫోర్డు కార్ల దగ్గరికి వద్దాం. హెన్రీ ఫోర్డు 1908లో మోడల్ టీ కారును తెచ్చాడు. 1927 దాకా అది తయారైంది. కోటీ యాభై లక్షలకు పైగా బండ్లు. అది ఆపేశాక, అదే ఏడు డిసెంబరులో మోడల్ ఏ వచ్చింది. నాలుగేళ్లలో నలభై ఎనిమిది లక్షలకు పైగా తయారయ్యాయి. ఇవాళ్టికీ పాత కార్ల షెడ్డుల్లో ఈ రెండూ కనిపిస్తూనే ఉంటాయి. అందుకే ఉదాహరణగా వీటినే తీసుకున్నాను.

అప్పటి కార్లలో ఎక్కువ వాటికి చక్రం చక్రానికీ ఒక కమాను ఉండేది. అది బండి పొడుగునా ఉండేది. ఫోర్డు అలా పెట్టలేదు. ముందు ఇరుసుకు ఒక కమాను, వెనక ఇరుసుకు ఒక కమాను. రెండూ బండికి అడ్డంగా ఉంటాయి. ఎడమ చక్రం వైపు నుంచి కుడి చక్రం వైపుకి. ఆ రోజుల్లో అమెరికా పల్లెల్లో దారులు చాలావరకు మట్టి దారులే. వాన పడితే బురద, ఎండితే లోతైన గాడులు. ఒక చక్రం గోతిలో ఉంటే ఇంకో చక్రం గట్టు మీద ఉండేది. కమాను బండిని సరిగ్గా నడుమ ఒకే చోట మోస్తుంది కాబట్టి, ఇరుసు అటూ ఇటూ ఎంత వాలినా ఆ మెలి ఛాసిస్ దాకా, అంటే బండి చట్రం దాకా, పెద్దగా పోదు. పైగా బరువు తక్కువ. ఖర్చు తక్కువ. ఈ పద్ధతిని ఫోర్డు 1948 మోడల్ కార్ల దాకా వదల్లేదు. నాకు మాత్రం ఆ కారులో అన్నిటికన్నా తెలివైన భాగం ఇదేననిపిస్తుంది. రైతు దారిలో నడవాల్సిన బండి అని మనసులో పెట్టుకుని గీసిన కమాను అది.

అయితే, దీన్ని విప్పేవాడికి ఒక చిక్కుంది. జాగ్రత్తగా వినండి.

ఫోర్డు కమాను లారీ కమానుకు తలకిందులుగా ఉంటుంది. లారీలో మెయిన్ ప్లేటు పైన ఉంటుంది. ఫోర్డులో అన్నిటికన్నా కింద ఉంటుంది. కమాను నడుము పైకి లేచి, ఛాసిస్ అడ్డకమ్మీకి యూ బోల్టులతో బిగిసి ఉంటుంది. రెండు కళ్లూ కిందికి దిగి, ఇరుసు మీద ఉన్న ఆధారాలకు షాకిళ్లతో తగులుకుని ఉంటాయి. మోడల్ ఏ బరువు ఇంచుమించు ఒక టన్ను. ఆ బరువు పడగానే కమాను నడుము దిగుతుంది. కళ్లు రెండూ ఒకదానికొకటి దూరం జరుగుతాయి. బరువు తీసేస్తే నడుము లేస్తుంది. కళ్లు దగ్గరికి వస్తాయి.

ఇప్పుడు ఆ కమానును విప్పి బల్ల మీద పెట్టామనుకుందాం. కళ్లు ఇంకా దగ్గరికి ముడుచుకుంటాయి. ఎంత దగ్గరికంటే, ఇరుసు మీద షాకిళ్ల మధ్య ఉన్న దూరానికి ఇవి అందవు. మోడల్ ఏ వెనక కమానుకు వంపు మరీ ఎక్కువ. మోడల్ టీ ముందు కమాను అంత మొండిది కాదు. మోడల్ ఏ వెనక కమాను మాత్రం చాలా మొండిది. దాన్ని మళ్లీ బిగించాలంటే రెండు కళ్లనూ బలవంతంగా ఎడం చేసి పట్టుకోవాలి. అలా పట్టుకుని ఉండగా షాకిళ్లు ఎక్కించాలి.

ఇంకో సంగతి. బండిని జాకీల మీద పైకి ఎత్తేశారనుకోండి. చక్రాలు గాల్లో వేలాడుతున్నాయి. బరువంతా పోయింది కదా, కమాను ఖాళీగా ఉంది కదా అనుకుంటాం. ఖాళీగా ఉండదు. షాకిళ్లు దాన్ని ఇంకా లాగి పట్టుకునే ఉంటాయి. అలాంటప్పుడు షాకిల్ పిన్నును సుత్తితో కొట్టి బయటికి తోస్తే, ఆ బిగువంతా ఒక్క క్షణంలో వదులుతుంది. బరువైన ఉక్కు కట్ట ఒక్కసారిగా ముడుచుకుంటుంది. దారిలో వేలుంటే వేలు, మొహం ఉంటే మొహం.

మరి ఈ కళ్లను ఎడం చేసేదెలా? చాలామందికి ముందు తట్టేది జాకీ. లారీ డ్రైవరు దగ్గర సీసా జాకీ ఉంటుంది. దాన్ని రెండు కళ్ల మధ్య అడ్డంగా పెట్టి, దూరం సరిపోక చెక్కముక్క ఒకటి జోడించి, హ్యాండిల్ కొట్టడం మొదలుపెడతారు. జాకీకి బలం ఉంది. కమాను తెరుచుకుంటుంది కూడా. అందుకే ఇది ప్రమాదం. పని జరుగుతున్నట్టే కనిపిస్తుంది. కానీ జాకీ తల చదును. కమాను కన్ను గుండ్రం. గుండ్రటి దాని మీద చదునైనది ఆనుకుని ఉంది, అంతే. దాన్ని పట్టుకున్నది ఏదీ లేదు. కమాను సగం తెరుచుకున్నాక జాకీ అర అంగుళం పక్కకి జారితే చాలు. జాకీ ఒక వైపుకి, చెక్క ఒక వైపుకి ఎగురుతాయి.

ఇక్కడే ఈ ప్రసంగంలోని అసలు మాట ఉంది. కమాను పనిలో నెట్టే బలం ఒక్కటే చాలదు. నెట్టినదాన్ని పట్టుకుని ఉండాలి. మళ్లీ చెబుతున్నాను. నెట్టాలి, నెట్టినదాన్ని పట్టుకోవాలి. జాకీ మొదటి పని చేస్తుంది. రెండోది దాని చేత కాదు. స్ప్రెడర్ రెండూ చేస్తుంది.

ఎలా చేస్తుందో దగ్గరగా చూద్దాం. స్ప్రెడర్ చివర ఉన్న కొక్కెం కన్ను ఆకారానికి సరిపోయేలా లోపలికి వంపు తిరిగి ఉంటుంది. దాన్ని కమాను కన్ను లోపలి వైపున ఆనిస్తారు. కొక్కెం రెండు చెంపలూ పట్టీ అంచులకు అటూ ఇటూ వచ్చి కూర్చుంటాయి. ఇక అది పైకి పోలేదు. కిందికి పోలేదు. పక్కకి పోలేదు. ఇంకొక చిన్న తెలివి ఉంది అందులో. కంటి రంధ్రానికి కొక్కెం అడ్డు రాదు. ఎందుకంటే అదే రంధ్రంలోంచి షాకిల్ పిన్ను వెళ్లాలి. పనిముట్టు రంధ్రాన్ని మూసేస్తే కమాను తెరిచినా ప్రయోజనం లేదు. ఈ ఒక్క సంగతి మరిచిపోయి చేసిన స్ప్రెడర్లు మూల పడి ఉంటాయి.

నట్టు మీద పొడుగు పానా వేసి తిప్పడం మొదలుపెడతారు. మొదటి కొన్ని చుట్లు వదులుగా తిరుగుతాయి. తర్వాత కొక్కేలు కళ్లకు అదుముకుంటాయి. నట్టు బరువెక్కుతుంది. అక్కడ ఆగి రెండు వైపులా చూసుకోవాలి. కొక్కెం తిన్నగా కూర్చుందా? గొట్టం నడుమ వంగుతోందా? చూసుకుని మళ్లీ తిప్పాలి. పట్టీలు ఒకదాని మీద ఒకటి జారుతుంటే కిర్రుమని చప్పుడవుతుంది. చాలా ఏళ్లుగా విప్పని కమానైతే సందుల్లోంచి ఎర్రటి తుప్పు పొడి రాలుతుంది. తిప్పుతున్న కొద్దీ కమాను నడుము దిగి, కళ్లు ఎడం అవుతాయి. పావు చుట్టు, ఇంకో పావు చుట్టు. షాకిల్ రంధ్రానికీ కంటికీ సరి కుదిరిన చోట ఆగాలి. పానా తీసి పక్కన పెట్టొచ్చు. ఏమీ కదలదు.

పానా తీసేసినా ఎందుకు కదలదు? మర గొప్పతనమే అది. లెక్క చూడండి. అంగుళానికి పది చుట్లున్న మర అనుకుందాం. ఒక పూర్తి చుట్టు తిప్పితే కడ్డీ అంగుళంలో పదో వంతు జరుగుతుంది. పానా పొడుగు ఒక అడుగు. ఒక చుట్టులో మీ చెయ్యి దాదాపు డెబ్బై అయిదు అంగుళాలు తిరుగుతుంది. అంటే చెయ్యి డెబ్బై అయిదు అంగుళాలు తిరిగితే కడ్డీ పదో వంతు అంగుళం కదులుతుంది. కాగితం మీద ఇది ఏడు వందల యాభై రెట్ల బలం. రాపిడి అందులో చాలా భాగాన్ని తినేస్తుంది. తినగా మిగిలింది కూడా ఒక మనిషి చేతికి కమానును లొంగదీసే శక్తినిస్తుంది. మనం నష్టమనుకునే ఆ రాపిడే మనల్ని కాపాడుతుంది కూడా. మర వాలు చాలా తక్కువ. రాపిడి ఎక్కువ. అందువల్ల కమాను ఎంత వెనక్కి తోసినా నట్టు దానంతట అది వెనక్కి తిరగదు. మీరు తిప్పితేనే తిరుగుతుంది. సీసా జాకీలో ఆ భరోసా లేదు. లోపల రబ్బరు వాషరు అరిగితే నూనె కారి అది మెల్లగా దిగిపోతుంది.

ఈ పనిముట్లకు చరిత్ర కూడా ఉంది. అమెరికాలో బఫెలో నగరంలో కె.ఆర్. విల్సన్ అనే కంపెనీ ఫోర్డు వర్క్‌షాపుల కోసం ప్రత్యేకమైన పనిముట్లు తయారు చేసేది. ఆ పేరున్న పాత పనిముట్లను ఇవాళ్టికీ వెతికి మరీ కొంటారు. కారు కన్నా ముందు పనిముట్టు సంపాదించుకునే వాళ్లను నేను గౌరవిస్తాను. వాళ్ల షెడ్డులో తొందర ఉండదు.

కొనలేనివాళ్లు లేత్ షాపులో చేయించుకోవచ్చు. పెద్ద పనేం కాదు. కానీ మూడు నాలుగు సంగతులు మీరే దగ్గరుండి చూసుకోవాలి. గొట్టం మందంగా ఉండాలి. ఎందుకంటే ఇది లాగే పనిముట్టు కాదు, తోసే పనిముట్టు. లాగితే సన్న తీగ కూడా నిలబడుతుంది. తోస్తే సన్నది వంగిపోతుంది. వంగడం మొదలైతే ఆగదు. కాబట్టి నీళ్ల గొట్టం ముక్కతో చేయొద్దు. కడ్డీకి మర పొడుగునా ఉండాలి. చివరి అంచు దాకా తిప్పి ఆపకూడదు, గొట్టంలో ఇంకా జానెడైనా కడ్డీ మిగలాలి. నట్టు మామూలు నట్టుకన్నా పొడుగ్గా ఉండాలి, ఎక్కువ చుట్లు పట్టుకోవాలి. కొక్కేలను వెల్డింగు పెట్టేటప్పుడు పైపైన చుక్కలు పెట్టి వదిలేస్తే ఒప్పుకోకండి. బలమంతా ఆ వెల్డింగు మీదే పడుతుంది.

దీనికి తోడు ఒక గొలుసు. స్ప్రెడర్‌నీ కమానునీ కలిపి నడుమ ఒక గట్టి గొలుసు చుట్టి బోల్టు వేసేయండి. కొక్కెం విరిగినా, వెల్డింగు ఊడినా పనిముట్టు ఎగిరిపోదు. ఆ గొలుసు చుట్టడానికి రెండు నిమిషాలు పడుతుంది. ఆ రెండు నిమిషాల దగ్గర మాత్రం పిసినారితనం వద్దు. ఇంకొకటి. నట్టు తిప్పేటప్పుడు కమాను చివరలకు ఎదురుగా ఎవరూ నిలబడకూడదు. పక్కన నిలబడి తిప్పాలి. 

స్ప్రెడర్ దొరకనివాళ్లకు ఇంకొక దారి ఉంది. కట్ట మొత్తాన్ని ఒకేసారి లొంగదీయకుండా, మెయిన్ ప్లేటు ఒక్కదాన్నే ముందు ఎక్కించడం. పట్టీ ఒక్కటే అయితే మెత్తగా వంగుతుంది. దానికి షాకిళ్లు తగిలించేసి, తర్వాత మిగతా పట్టీలను దాని మీద పేర్చి, పొడుగు బోల్టులతో కొంచెం కొంచెంగా దగ్గరికి లాగుతారు. ఇది మంచి పద్ధతే. సమయం ఎక్కువ పడుతుంది. బండి కింద పడుకుని చేయాలి. గమనించారా, ఇక్కడా బలం మరలోంచే వస్తోంది. పొడుగు బోల్టు మర నెడుతుంది, నెట్టినదాన్ని పట్టుకుంటుంది.

సెంటర్ బోల్టు విప్పేటప్పుడు కూడా ఈ పొడుగు బోల్టే కాపాడుతుంది. చాలామందికి తెలియని సంగతి ఒకటి చెబుతాను. కట్టలో ఉన్న పట్టీలన్నీ ఒకే వంపులో ఉండవు. పొట్టి పట్టీకి వంపు ఎక్కువ. పొడుగు పట్టీకి వంపు తక్కువ. విడివిడిగా ఒకదాని మీద ఒకటి పెడితే నడుమ సందు కనిపిస్తుంది. కావాలనే అలా చేస్తారు. బోల్టు బిగించినప్పుడు ఆ సందులు మూసుకుని పట్టీలు ఒకదాన్నొకటి గట్టిగా అదుముకుంటాయి. అప్పుడు బరువును అన్నీ పంచుకుంటాయి. అంటే సెంటర్ బోల్టు బిగించి ఉన్నంతసేపూ కట్ట లోపల బిగువు ఉంటుంది. కట్ట బల్ల మీద ఊరికే పడుకుని ఉన్నా సరే. దాన్ని విప్పేముందు బోల్టుకు అటూ ఇటూ రెండు పెద్ద సీ క్లాంపులు బిగించండి. తర్వాత పాత బోల్టు తీసి, అదే రంధ్రంలో ఒక పొడుగాటి మర కడ్డీ దూర్చి నట్టు వేయండి. అప్పుడు క్లాంపులు తీయండి. ఇక నట్టును నెమ్మదిగా వదులు చేస్తూ పోతే పట్టీలు వాటంతట అవే మెల్లగా విచ్చుకుంటాయి.

ఇప్పుడు రెండో పనిముట్టు. దీన్నీ స్ప్రెడర్ అనే అంటారు. పని మాత్రం వేరు. మొదటిది కమాను కళ్లను ఎడం చేస్తుంది. ఇది పట్టీకీ పట్టీకీ నడుమ సందు తెరుస్తుంది. చేతిలో పట్టేంత వస్తువు. సీ క్లాంపును పోలి ఉంటుంది. కాకపోతే దవడలకు చదును బిళ్లల బదులు రెండు పలచటి మొనలుంటాయి. ఒక మొన కట్టకు ఈ వైపు, ఇంకొకటి ఆ వైపు. రెండూ ఒకే సందుకు ఎదురెదురుగా పెట్టి మర తిప్పితే, మొనలు సందులోకి దిగి పట్టీలను విడదీస్తాయి. పెద్దగా ఏం తెరుచుకోదు. గ్రీజు పూసిన పలచటి రేకు దూరేంత. అది చాలు. కమాను విప్పకుండానే లోపలికి గ్రీజు వెళుతుంది. ఆ రోజుల్లో కారు యజమానులు దీన్ని ఇంట్లో ఉంచుకునేవాళ్లు.

దీన్ని వాడేముందు బండిని ఛాసిస్ కింద జాకీ పెట్టి ఎత్తాలి. ఇరుసు కింద పెట్టి ఎత్తకూడదు. ఛాసిస్ ఎత్తితే చక్రాలు వేలాడతాయి, పట్టీల మీద అదుము తగ్గుతుంది, మొన సులువుగా దిగుతుంది. ఎత్తాక జాకీని నమ్ముకుని కింద దూరొద్దు. గట్టి స్టాండ్లు పెట్టండి.

ఇంకో జాగ్రత్త. మొనతో పట్టీని గీకొద్దు. సుత్తితో ఉలి కొట్టి సందు తెరిచే అలవాటు కొందరికుంది. దయచేసి మానుకోండి. కమాను వంగినప్పుడు పట్టీ లోపలి వంపు మీద లాగుడు పడుతుంది. అక్కడ గీత ఉంటే ఆ గీత దగ్గరే పగులు పుడుతుంది. బండి నడిచిన ప్రతిసారీ ఒక వెంట్రుకవాసి పెరుగుతుంది. ఒక రోజు రోడ్డు మీద పట్టీ విరుగుతుంది. మరతో తెరిచే మొన నెమ్మదిగా దిగుతుంది కాబట్టి, ఎక్కడ ఆపాలో చేతికి తెలుస్తుంది. సుత్తి దెబ్బకు అది తెలియదు.

లోపల ఏ గ్రీజు పెట్టాలి? గ్రాఫైట్ కలిసిన గ్రీజు. మామూలు గ్రీజు పట్టీల అదుముకు కొన్నాళ్లలో అంచుల్లోంచి బయటికి వచ్చేస్తుంది. గ్రాఫైట్ పలుకులు మాత్రం అక్కడే మిగిలి జారుడునిస్తాయి. పెట్టేముందు తుప్పు దులపండి. పొట్టి పట్టీ చివరలు పక్కనున్న పొడుగు పట్టీలో గాడి కొట్టాయేమో వేలితో తడిమి చూడండి. గాడి లోతుగా ఉంటే గ్రీజు దానికి మందు కాదు, ఆ పట్టీ మార్చాల్సిందే. మోడల్ టీ ఉన్నవాళ్లకు ఒక మాట. ఆ కారుకు షాక్ అబ్జార్బర్లు లేవు. పట్టీల మధ్య రాపిడే బండి ఊగుడును ఆపుతుంది. కాబట్టి అందులో గ్రీజు మితంగా ఉండాలి. మోడల్ ఏకు షాక్ అబ్జార్బర్లు ఉన్నాయి, ఆ బెంగ లేదు. తుప్పు మాత్రం రెండింటికీ శత్రువే. మంచి రాపిడి సాఫీగా జారనిస్తుంది. తుప్పు కాసేపు పట్టేసి, ఒక్కసారిగా వదిలేస్తుంది. గుంతలో పడ్డప్పుడు మన నడుముకు తగిలే కుదుపు అదే.

ఒక విన్నపం. కమాను వంపు సరిచేయడానికి గ్యాసు మంటతో ఎర్రగా కాల్చేవాళ్లున్నారు. ఆ ఉక్కు గట్టితనం కొలిమిలో వేడిచేసి, నూనెలో ముంచి, మళ్లీ లెక్కగా కాల్చితే వచ్చింది. ఒక్క చోట మంట పెడితే అక్కడ పదును పోతుంది. పట్టీ మెత్తబడుతుంది. వంపు సరయినట్టు కనిపించి, కొన్నాళ్లకే కూలబడుతుంది. వంపు మార్చడం కమాన్ల కొలిమి ఉన్నవాళ్ల పని. వాళ్లకే ఇవ్వండి.

ఇవన్నీ మనకెందుకు, ఇది అమెరికా సంగతి కదా అంటారేమో. ఆ కార్లు ఇక్కడికీ వచ్చాయి. ఫోర్డు కంపెనీ 1926లోనే మన దేశంలో తన శాఖ పెట్టింది. ఆనాటి కార్లు జమీందార్ల ఇళ్లలో, పాత బంగళాల షెడ్డుల్లో ఇంకా ఉన్నాయి. 2021లో కేంద్ర ప్రభుత్వం యాభై ఏళ్లు దాటిన, మార్పులు చేయని వాహనాలకు వింటేజ్ రిజిస్ట్రేషన్ తెచ్చింది. నంబరు ప్లేటు మీద వీఏ అనే అక్షరాలుంటాయి. ఇనుప సామాన్ల కొట్టుకు పోవాల్సిన బండ్లు మళ్లీ రోడ్డెక్కడానికి దారి దొరికింది. వాటిని విప్పి బాగుచేసే చేతులు కావాలి ఇప్పుడు.

ఆ చేతులు మన దగ్గర ఉన్నాయి. విజయవాడ ఆటోనగర్‌లో అయినా, హైదరాబాద్‌లో అయినా, హైవే పక్కన చిన్న ఊళ్లో అయినా కమాన్ కట్టలు కట్టే పనివాళ్లున్నారు. పట్టీ మీద సుత్తితో తట్టి, మోగిన తీరును బట్టి పగులు ఉందో లేదో చెప్పగలరు. వాళ్ల నేర్పు మీద నాకు ఎంతో నమ్మకం. అయితే వాళ్లు రోజూ చూసేది లారీ కమాను. అది బండి పొడుగునా ఉంటుంది. బండి ఎత్తినప్పుడు దాని బిగువు చాలావరకు పోతుంది. అడ్డంగా ఉండే ఫోర్డు కమాను వాళ్ల చేతికి కొత్త. బండి ఎత్తితే బిగువు పోయినట్టే అనుకుంటారు. ఆ ఒక్క తేడా ముందే చెప్పాల్సిన బాధ్యత కారు యజమానిది. కారు అప్పజెప్పేటప్పుడు స్ప్రెడర్ కూడా చేతిలో పెట్టండి. లేకపోతే చేయించి పెట్టండి. పనివాడి వేళ్లు మన కారు కన్నా విలువైనవి.

మీ ఇంట్లో అలాంటి కారు ఉంటే, ఈ ఆదివారం షాకిల్ విప్పుదామని అనుకుంటుంటే, కొంచెం ఆగండి. జాకీని పక్కన పెట్టండి. పాత కార్ల క్లబ్బు వాళ్లను అడిగితే స్ప్రెడర్ అరువు దొరకవచ్చు. దొరక్కపోతే నేను చెప్పిన సంగతులు లేత్ షాపులో చెప్పండి. మందపాటి గొట్టం, పొడుగు నట్టు, కన్నుకు సరిపోయే కొక్కెం, చుట్టూ గొలుసు. మీ కళ్లకు రక్షణగా కళ్లజోడు పెట్టుకోండి. పిల్లల్ని షెడ్డు బయటికి పంపి, అప్పుడు పానా పట్టుకోండి.